తన్ను తక్కువైతే ఒత్తిడి తక్కువేనా?

ప్రశ్న: నా దగ్గర పాత ట్రాప్‌డోర్ స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ ఉంది, 45-70 కాలిబర్ (అది వాడే తూటా రకం). తూటాలు నేనే నింపుకుంటాను. తూటాలు నింపే కొలతల మాన్యువల్‌లో ఇచ్చిన గరిష్ఠం దాటి తుపాకీ మందు కొద్దికొద్దిగా పెంచుతూ వచ్చాను. ప్రైమర్ (తూటా అడుగున మందును అంటించే చిన్న కప్పు) చదును కాలేదు, ఖాళీ కేసు (తూటా ఇత్తడి గొట్టం) సులువుగా బయటికొస్తోంది, తన్ను (కాల్చినప్పుడు రైఫిల్ భుజాన్ని వెనక్కి కొట్టే దెబ్బ) కూడా భుజం ఓర్చుకోగలిగేంతే ఉంది. ఇంకాస్త పెంచవచ్చా?

జవాబు: వద్దండీ. పెంచడం సంగతి అటుంచి, ఇప్పటికే నింపి పెట్టుకున్న ఆ తూటాలను కూడా కాల్చకండి. గుండ్లు ఊడదీసి మందు తీసేయండి. మీరు ధైర్యం తెచ్చుకున్న గుర్తులు మూడూ మీ రైఫిల్ విషయంలో పనికిరావు.

ప్రైమర్ చదునవడం, కేసు చాంబర్‌లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోట) బిగుసుకుపోవడం అనేవి చదరపు అంగుళానికి 60,000 పౌండ్ల దరిదాపుల్లో పనిచేసే ఆధునిక బోల్ట్ రైఫిళ్లకు చెప్పుకునే గుర్తులు. 45-70కి అమెరికాలో తుపాకుల, తూటాల తయారీదారుల సంస్థ సామీ (SAAMI) ప్రమాణం పెట్టిన గరిష్ఠ ఒత్తిడి 28,000. ఇత్తడికీ ప్రైమర్ కప్పుకీ అదొక లెక్కలోది కాదు. ఒత్తిడి 40,000 దాటినా కేసు ఏమీ చెప్పకపోవచ్చు. మీ రైఫిల్ మాత్రం ఆ ఒత్తిడికి కట్టింది కాదు. అది 1873 నాటి డిజైన్. తూటా వెనక మూతలా ఉండే బ్రీచ్ బ్లాక్ ముందువైపు కీలు మీద పైకి లేస్తుంది, వెనక ఒక చిన్న క్యామ్ (తిరిగే గడియ) దాన్ని పట్టి ఉంచుతుంది. 45-70 కేసు అడుగు వ్యాసం దాదాపు అర అంగుళం, అంటే వైశాల్యం 0.2 చదరపు అంగుళం. 28,000 దగ్గర బ్లాక్ మీద పడే తోపు సుమారు 5,600 పౌండ్లు, రెండున్నర టన్నులన్నమాట. 40,000 అయితే 8,000 పౌండ్లు. కేసు గోడలు చాంబర్‌ను కరుచుకుని ఈ తోపును కొంత తగ్గిస్తాయి. తూటాకు నూనె అంటి ఉంటే ఆ కాస్త సాయం కూడా పోతుంది. ఇలాంటి రైఫిల్‌లో కేసు మీద గుర్తు కనిపించేలోపే లోహం విరగవచ్చు. మీ ఉత్తరం చదివి నాకు టెన్షన్ పట్టుకున్నది అందుకే.

ఇక తన్ను. రైఫిల్ ఎంత తంతుందో తేల్చేది గుండు బరువు, దాని వేగం, వెనకే బయటికొచ్చే మందు వాయువుల బరువు, రైఫిల్ బరువు. ఒత్తిడి ఎంత ఎత్తుకు ఎగసిందన్నది ఆ లెక్కలోనే లేదు. ఒకే గుండును ఒకే వేగంతో పంపడానికి నిదానంగా కాలే మందు ఎక్కువ పడుతుంది, వేగంగా కాలేది తక్కువ పడుతుంది. వేగంగా కాలే మందుతో ఒత్తిడి ఒక్కసారిగా పైకి ఎగుస్తుంది. కానీ మందు బరువు తక్కువ కాబట్టి తన్ను కాస్త తగ్గుతుంది. అంటే రెండింటిలో ప్రమాదకరమైన తూటాయే భుజానికి మెత్తగా అనిపించవచ్చు! భుజాన్ని ఒత్తిడి మీటర్‌గా వాడకండి.

ఇంట్లో మనకు అందుబాటులో ఉన్న నిజమైన సాక్షి క్రోనోగ్రాఫ్, అంటే గుండు వేగం కొలిచే పరికరం. మాన్యువల్‌లో ఉన్న గుండు, మందు, ప్రైమర్ అన్నీ అవే వాడి, బ్యారెల్ పొడవు కూడా అంతే ఉండి, అక్కడ రాసిన గరిష్ఠ వేగం కంటే ఎక్కువ వస్తే, ఆ అదనపు వేగం ఊరికే రాలేదు, ఒత్తిడి పెరిగే వచ్చింది. మంచి మాన్యువల్స్ 45-70 లెక్కలను పాత బలహీన రైఫిళ్లకు, ఆధునిక లీవర్ రైఫిళ్లకు, గట్టి సింగిల్ షాట్‌లకు (ఒక్కో తూటా పెట్టి కాల్చేవాటికి) వేర్వేరుగా ఇస్తాయి. మీరు చూడాల్సింది మొదటి వరసే. అందులోనూ కనీసం దగ్గర మొదలుపెట్టండి. గుండు మార్చినా, ఇంకా లోపలికి దించినా, మాగ్నమ్ ప్రైమర్ (మంట ఎక్కువ ఇచ్చేది) పెట్టినా మళ్లీ కింద నుంచే రావాలి.

ప్రశ్న: నాది రుగర్ నంబర్ 1 అనే ఆధునిక సింగిల్ షాట్ రైఫిల్, అదే కాలిబర్. రైఫిల్ గట్టిదే కానీ బెంచ్ మీద (బల్ల దగ్గర కూర్చుని రైఫిల్ ఆనించి) కాలిస్తే భుజం కమిలిపోతోంది. ఏం చేయాలి?

జవాబు: మీ రైఫిల్ ఓర్చుకునేదంతా మీరూ ఓర్చుకోవాలని ఎక్కడా లేదు. 8 పౌండ్ల రైఫిల్ నుంచి 405 గ్రెయిన్ల గుండు సెకనుకు 1,300 అడుగుల వేగంతో వెళ్తే తన్ను సుమారు 17 అడుగు-పౌండ్లు. అదే గుండు 1,900 అడుగులతో వెళ్తే 37 దగ్గరికి చేరుతుంది. వేగం ఒకటిన్నర రెట్లు కూడా కాలేదు, తన్ను మాత్రం రెట్టింపు దాటింది. కాగితం మీద గురి చూసుకోవడానికి మొదటిది బోలెడు. రైఫిల్‌ను 10 పౌండ్లకు తెస్తే ఆ 37 కాస్తా 30కి దిగుతుంది. రైఫిల్ భుజానికి ఆనే చోట మంచి రబ్బరు ప్యాడ్ వేయించండి. బెంచ్ మీద ముందుకు వంగి కూర్చుంటే ఒళ్లు వెనక్కి ఊగే వీలుండదు, దెబ్బంతా ఎముక మీదే పడుతుంది. రైఫిల్ ఆనించే సపోర్ట్ ఎత్తు పెంచుకుని నిటారుగా కూర్చోండి. స్కోప్ ఉంటే కంటికి నాలుగు అంగుళాల దాకా దూరం ఉండాలి, లేకపోతే కనుబొమ చీలుతుంది. ట్రిగ్గర్ నొక్కేటప్పుడు బెదురు పుడుతోందేమో తెలియాలంటే, మీకు చెప్పకుండా మధ్యలో ఒక డమ్మీ తూటా పెట్టమని స్నేహితుణ్ని అడగండి. అది పేలనప్పుడు బ్యారెల్ కిందికి తూలిందంటే బెదురు ఉన్నట్టే. అప్పుడు కొన్నాళ్లు తేలిక తూటాలకే దిగండి.

ప్రశ్న: తేలిక తూటాలకు వేగంగా కాలే మందు కొంచెమే వేస్తే చాలంటున్నారు. ప్రమాదం లేదా?

జవాబు: మాన్యువల్‌లో ఉన్న లెక్కయితే వాడుకోవచ్చు. చిక్కల్లా 45-70 కేసు మరీ పెద్దది కావడమే. అందులో పొరపాటున రెండోసారి మందు పడినా పైకి పొంగదు, తెలియకుండా పోతుంది. నేను గుండు పెట్టే ముందు కేసులన్నీ గుంటలున్న చెక్కలో నిలబెట్టి, టార్చి ఏటవాలుగా పట్టుకుని మందు మట్టం వరసగా చూస్తాను. ఒక్కదాంట్లో మట్టం తేడాగా కనిపించినా ఆ వరసంతా ఖాళీ చేసి మళ్లీ తూస్తాను. బ్లాక్ పౌడర్‌కు (పాతకాలపు తుపాకీ మందుకు) మాత్రం పద్ధతి వేరు. అక్కడ గుండుకూ మందుకూ మధ్య ఖాళీ ఉండకూడదు, ఉంటే చాంబర్ ఉబ్బుతుంది. బ్లాక్ పౌడర్ కొలతతో స్మోక్‌లెస్ పౌడర్‌ను (ఆధునిక మందును) ఎప్పుడూ నింపకండి.