మేనల్లుడికి, సంతకం పెట్టే ముందు

అల్లుడూ,

రెండు చోట్ల నుంచి పిలుపు వచ్చిందని అక్క ఫోన్‌లో చెప్పింది, చాలా సంతోషం. ఒకటి దేశంలో రెండో అంచె ఫుట్‌బాల్ లీగైన ఐ-లీగ్ జట్టు, ఇంకోటి కలకత్తా లీగ్‌లో కింది డివిజన్ క్లబ్బు, నీ మనసు మొదటిదాని మీదే ఉందని కూడా చెప్పింది. ఉండదా మరి, ఆ జెర్సీ వేసుకుని ఒక్క ఫోటో పెడితే విజయనగరంలో బంతి తన్నే ప్రతి కుర్రాడూ దాన్ని స్టేటస్‌లో పెట్టుకుంటాడు. అయితే సంతకం పెట్టే ముందు ఆ కోచ్‌ని ఒక్క మాట అడుగు. "సార్, మీ దగ్గర ఫార్వర్డ్‌లు ఎంతమంది, వాళ్ళలో నేను ఎన్నోవాణ్ణి?" అని. మొదటి ఇద్దరిలో ఒకడివంటే వెళ్ళు. నాలుగోవాడివంటే కలకత్తా రైలెక్కు. "చూద్దాం, కష్టపడు, ఛాన్స్ వస్తుంది" అని దాటేస్తే అప్పుడు కూడా కలకత్తా రైలే ఎక్కు.

ఎందుకు చెప్తున్నానంటే, గోల్ కొట్టే ఫార్వర్డ్ పొజిషన్ మనది, మ్యాచ్‌లు ఆడితే తప్ప నిలవదు. కింది లీగుల్లో ఫార్వర్డ్‌కి తొంభై నిమిషాల్లో గట్టిగా వస్తే రెండో మూడో అవకాశాలు వస్తాయి, కొన్ని రోజులు ఒక్కటే వస్తుంది, అది కూడా గతుకుల గ్రౌండ్ మీద మోకాలి ఎత్తులో ఎగురుకుంటూ వస్తుంది. ఆ ఒక్కదానికి కాలు ఎప్పుడు వేయాలో ప్రాక్టీసులో ఎంత చేసినా పట్టుబడదు, నీ మీద నిజంగా కోపంగా ఉన్న డిఫెండర్ పక్కన ఉండాలి. పైగా వచ్చే ఏడాది ఇంకో క్లబ్బు వాళ్ళు ఫోన్ చేసి అడిగేవి రెండే ప్రశ్నలు, ఎన్ని మ్యాచ్‌లు ఆడావు, ఎన్ని గోల్స్ కొట్టావు. పెద్ద జట్టులో ఉన్నాను గానీ దిగలేదు అంటే అవతల ఫోన్ పెట్టేస్తారు. ఇరవై రెండేళ్ళ వయసులో బెంచ్ మీద రెండు సీజన్లు కూర్చుని, ఆ తరువాత ఎవరికీ అక్కరలేకుండా పోయిన మంచి ఆటగాళ్ళని నేను చాలామందిని చూశాను. వాళ్ళకి ఆట రాక కాదు.

ఇంకో సంగతి, మన దేశంలో స్ట్రైకర్ చోటు కోసం నువ్వు పోటీ పడేది పక్క ఊరి కుర్రాడితో కాదు. క్లబ్బుకి విదేశీ ఆటగాడిని తెచ్చుకునే వీలుంటే ముందు తెచ్చేది గోల్ కొట్టేవాడినే. ఐ-లీగ్‌లో ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్ళ పేర్లు చూడు, 2022-23లో స్లొవేనియా వాడు లూకా మైట్సెన్, 2023-24లో స్పెయిన్ వాడు అలెక్స్ సాంచెజ్, 2024-25లో కొలంబియా వాడు డేవిడ్ కాస్టనెడా. ఆ కాస్టనెడా ఆడింది ఎక్కడో కాదు, మన విశాఖపట్నం పేరు మీద ఐ-లీగ్‌లో చోటు సంపాదించి చివరికి హైదరాబాద్‌లో గ్రౌండ్ చూసుకున్న శ్రీనిధి డెక్కన్‌కే. మన తీరంలో ఆ జట్టు ఆడి ఉంటే నీలాంటివాళ్ళు శనివారం బస్సెక్కి వెళ్ళి చూసి నేర్చుకునేవాళ్ళు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. సరే. నీకు దీంట్లో పని ఏంటంటే రెండో పొజిషన్ నేర్చుకోవడం. కుడి వింగ్, అంటే గ్రౌండ్ కుడి అంచు గానీ, స్ట్రైకర్ వెనక చోటు గానీ. జట్టులో విదేశీయుడు ముందు ఆడుతుంటే అతని పక్కన పరిగెత్తేవాడు ఒకడు కావాలి, బంతి పోయిన మరుక్షణం వెనక్కి తిరిగి డిఫెండర్ మీద పడేవాడు కావాలి. సునీల్ ఛెత్రీ అంతటివాడే క్లబ్బుల్లో చాలా కాలం వింగ్ మీద ఆడాడు.

అదే ఛెత్రీ సంగతి చూడు, పుట్టింది మన సికింద్రాబాద్‌లోనే. 2002లో మోహన్ బగాన్‌లో మొదలుపెట్టి, జేసీటీ, ఈస్ట్ బెంగాల్, డెంపో, అమెరికాలో కాన్సాస్ సిటీ, కలకత్తాలో చిరాగ్, మళ్ళీ బగాన్, పోర్చుగల్‌లో స్పోర్టింగ్ రెండో జట్టు, చర్చిల్ బ్రదర్స్, ఇన్ని తిరిగాక 2013లో బెంగళూరులో కుదురుకున్నాడు. క్లబ్బులు మారడం సిగ్గుపడే విషయం అని మన ఇళ్ళలో అనుకుంటారు, ఉద్యోగం నిలవనివాడితో పోలుస్తారు. మన పనే అది. ఏడాదికో ఊరు, ఏడాదికో గది, ఏడాదికో వంటమనిషి. ఇంగ్లండ్‌లో రికీ లాంబర్ట్ అనే ఫార్వర్డ్‌ని పదిహేనేళ్ళ వయసులో లివర్‌పూల్ వద్దని పంపేసింది, క్లబ్బు దొరకనప్పుడు ఒక ఫ్యాక్టరీలో బీట్‌రూట్ సీసాలకి మూతలు బిగించాడు, మాక్లెస్‌ఫీల్డ్, స్టాక్‌పోర్ట్, రోచ్‌డేల్, బ్రిస్టల్ రోవర్స్, అన్నీ కింది డివిజన్లే. 2013 ఆగస్టులో, 31 ఏళ్ళ వయసులో, ఇంగ్లండ్ తరఫున మొదటిసారి దిగి స్కాట్లండ్ మీద మొట్టమొదటి టచ్‌కే తలతో గోల్ కొట్టాడు. అతను ఎక్కడికి చేరాడన్నది అలా ఉంచు, అలా చేరేవాళ్ళు వేలల్లో ఒకరు. కింద ఉన్నన్నాళ్ళూ అతను ప్రతి వారం గ్రౌండ్‌లో దిగి ఆడాడు, నువ్వు చూడాల్సింది అది.

ఇప్పుడు ఆట. నీ వీడియోలు చూశాను. వేగం ఉంది, కుడి కాలు బాగుంది. కానీ వింగ్ నుంచి క్రాస్ వచ్చేటప్పుడు ప్రతిసారీ సెకండ్ పోస్ట్, అంటే బంతికి దూరంగా ఉన్న గోల్ స్తంభం దగ్గర నిలబడి చూస్తున్నావు. కింది లీగుల్లో వింగర్లకి అంత దూరం క్రాస్ వేసే కాలు ఉండదు, నూటికి తొంభై బంతులు దగ్గర స్తంభం, ఫస్ట్ పోస్ట్ దగ్గరే పడతాయి, సగం డిఫెండర్ కాలికి తగిలి అక్కడే ఉండిపోతాయి. నువ్వు ముందు వెనక్కి రెండడుగులు వేసి డిఫెండర్ కంటికి కనబడకుండా పోవాలి, అతను తల తిప్పి బంతి వైపు చూసిన క్షణంలో అతని ముందు నుంచి ఫస్ట్ పోస్ట్‌కి పరిగెత్తాలి. పదిసార్లు పరిగెడితే ఎనిమిదిసార్లు బంతి రాదు. విసుక్కోకు, వింగర్ మీద చేతులు ఊపకు, పదకొండోసారి కూడా పరిగెత్తు. గోల్ పడేది ఆ పరుగుల్లోనే. అలాగే బయటి నుంచి ఎవరు షాట్ కొట్టినా నువ్వు కీపర్ మీదికి వెళ్ళిపోవాలి, వర్షంలో కీపర్ చేతుల్లో బంతి నిలవదు, నా గోల్స్‌లో చాలా భాగం అలా జారినవే. చూడటానికి అందంగా ఉండవు, స్కోరు షీటులో మాత్రం అన్ని గోల్సూ ఒక్కలాగే ఉంటాయి.

ఎడమ కాలు గురించి మీ కోచ్ చెప్పే ఉంటాడు. రోజూ ప్రాక్టీస్ అయ్యాక గోడకేసి ఎడమ కాలితో కొట్టు, ఎవరి సాయమూ అక్కర్లేదు.

గోల్స్ రాని రోజులు వస్తాయి. ఒక్కో ఏడాది ఐదారు మ్యాచ్‌లు వరసగా ఏమీ పడవు, గ్యాలరీలో వాళ్ళు పేరు పెట్టి తిడతారు, కలకత్తాలో అయితే పక్కనే కూర్చున్న ముసలాయన నీ ఆట నీకే విడమరిచి చెప్తాడు, రాత్రి నిద్ర పట్టదు, టెన్షన్‌తో కాళ్ళు బరువెక్కుతాయి. అప్పుడు కొందరు బంతి దొరికిన ప్రతి చోట నుంచీ కొట్టడం మొదలుపెడతారు, కొందరు భయపడి గోల్ ముందుండే బాక్సులోకే పోరు. రెండోది ఎక్కువ ప్రమాదం. నువ్వు బాక్సులోకి పోతూనే ఉండు, కోచ్ చూసేది కూడా అదే. గోల్ రాని రోజున డిఫెండర్లని వెంటాడు, వీపు గోల్‌కి పెట్టి బంతి ఆపి పక్కవాడికి ఇవ్వు, కార్నర్లకి వెనక్కి వచ్చి తలతో తీసెయ్. గోల్ కొట్టకపోయినా తీసేయడానికి కోచ్‌కి మనసు రాని ఫార్వర్డ్ అంటూ ఒకడుంటాడు, కింది లీగుల్లో పదేళ్ళు నిలిచేది వాడే.

కలకత్తా వెళ్తే రెండు జతల బూట్లు పట్టుకెళ్ళు. అక్కడ లీగు వానల్లోనే ఉంటుంది, ఊరి మధ్య ఉన్న మైదాన్‌లో కొన్ని గ్రౌండ్లు జులై ఆగస్టుల్లో మన వరి మడిలా ఉంటాయి, బూటు అడుగున బిగించే స్క్రూ స్టడ్స్ లేకపోతే మలుపు తిరగలేవు. 1898 నుంచి నడుస్తున్న లీగు అది, కింది డివిజన్ మ్యాచ్‌కి కూడా ఆట తెలిసిన జనం వచ్చి కూర్చుంటారు, అక్కడ బాగా ఆడినవాడి పేరు సాయంత్రానికి పది క్లబ్బుల టెంట్లకి చేరుతుంది. ఒక్కటి గుర్తుపెట్టుకో, ఈ మధ్య అక్కడ స్థానిక కుర్రాళ్ళని ఇంతమందిని ఆడించాలని నిబంధన పెట్టారు, కాబట్టి బయటి రాష్ట్రం వాడికి మిగిలే చోట్లు తగ్గాయి. ఆ క్లబ్బు బయటివాళ్ళని ఎంతమందిని తీసుకుందో కూడా అడుగు. అన్నం చేపల కూర ఉన్న ఊరే, తిండికి ఇబ్బంది పడవు. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి ఇంటికి రావడం కుదరకపోవచ్చు, అక్కకి ఇప్పుడే చెప్పు.

చలికాలంలో కేరళ నుంచి సెవెన్స్ ఆడమని ఫోన్లు వస్తాయి. మలప్పురం వైపు నవంబరు నుంచి ఎండాకాలం దాకా ఏడుగురేసి జట్లతో రాత్రిపూట లైట్ల కింద టోర్నమెంట్లు జరుగుతాయి, వెదురు గ్యాలరీల్లో వేల జనం, మ్యాచ్‌కి ఇంత అని చేతిలో పెడతారు. డబ్బు నిజం, ఆ జనం ప్రేమ కూడా నిజం. కానీ ఫెడరేషన్ గుర్తింపు లేని ఆట అది, చిన్న గ్రౌండ్‌లో కాళ్ళ మీదికే వస్తారు, మోకాలు పోతే ఆపరేషన్ ఖర్చు నీదే. క్లబ్బుతో కాంట్రాక్ట్ ఉండగా ఆడితే కాంట్రాక్టే పోవచ్చు. నీకు ఇరవై రెండేళ్ళు, ఇప్పుడు దాని జోలికి పోకు.

కాగితం గురించి చెప్పాలి, ఇది జాగ్రత్తగా చదువు. చాలా చిన్న క్లబ్బులు జీతం నోటిమాటగా చెప్పి, రిజిస్ట్రేషన్ ఫారం మీద మాత్రం సంతకం పెట్టించుకుంటాయి. ముందు అడగాల్సింది, మన దేశ ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఏఐఎఫ్ఎఫ్ వాళ్ళ ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ సీఆర్ఎస్‌లో నిన్ను అమెచ్యూర్‌గా ఎక్కిస్తున్నారా ప్రొఫెషనల్‌గా ఎక్కిస్తున్నారా అని. ప్రొఫెషనల్ అయితే రాతపూర్వకంగా కాంట్రాక్ట్ ఉండాలి, అందులో నెల జీతం అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉండాలి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో ఉండాలి, గాయమైతే వైద్యం ఎవరిదో, గాయం రోజుల్లో జీతం ఇస్తారో లేదో ఉండాలి. గది, తిండి, రైలు ఛార్జీలు కూడా రాయించు. ఒక కాపీ నీ దగ్గర ఉండాలి, "ఆఫీసులో ఉంది లే" అంటే ఒప్పుకోకు. నేను ఆడిన ఒక క్లబ్బులో నెలల తరబడి జీతాలు ఆగిపోయాయి, కాగితం ఉన్నవాళ్ళకి ఆలస్యంగానైనా కొంత వచ్చింది, నోటిమాట మీద చేరిన కుర్రాళ్ళు ఇంటికి పోవడానికి మా దగ్గర అప్పు తీసుకుని వెళ్ళారు. ఫిఫా నిబంధనల్లో 2018 నుంచి ఒక రక్షణ ఉంది. రెండు నెలల జీతం బకాయి పడితే రాతలో నోటీసిచ్చి కనీసం 15 రోజుల గడువు ఇవ్వాలి, అప్పటికీ రాకపోతే ఆటగాడు కాంట్రాక్ట్ రద్దు చేసుకోవచ్చు. మన దగ్గర ఏఐఎఫ్ఎఫ్ ప్లేయర్స్ స్టేటస్ కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. వీటన్నిటికీ ఆధారం ఆ కాగితమే. ఇంకోటి, ఒక సీజన్‌లో మూడు క్లబ్బుల్లో రిజిస్టర్ కావచ్చు గానీ మ్యాచ్‌లు ఆడేది రెండిటికే, అందుకని ఆవేశంలో మధ్యలో మారిపోకు.

పెద్ద పేరుంటే డబ్బు ఖాయం అని కూడా అనుకోకు. మొట్టమొదటి నేషనల్ లీగ్ గెలిచిన జేసీటీ 2011లో మూతపడింది. 2005-06లో గెలిచిన మహీంద్రా యునైటెడ్ 2010లో మూసేశారు. 2021-22లో దేశంలో మొదటి అంచె లీగు ఐఎస్ఎల్ కప్పు ఎత్తిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఆ తరువాత బకాయిల్లో మునిగి 2025లో ఢిల్లీకి తరలిపోయింది. ఆ కప్పు రోజున సంబరపడిన తెలుగువాళ్ళలో నేనూ ఉన్నాను.

ఇక మీ నాన్న సంగతి. బావ కానిస్టేబుల్ పరీక్ష రాయమంటున్నాడని నువ్వు కోపంగా ఉన్నావట. ఆయన భయంలో తప్పు లేదు, ముప్పై రెండేళ్ళకి మోకాళ్ళు అరిగి చేతిలో పని లేకుండా ఇంటికొచ్చిన ఫుట్‌బాలర్లని ఆయనా చూశాడు. ఆటనీ ఉద్యోగాన్నీ కలిపే దారి ఉంది, స్పోర్ట్స్ కోటా. రైల్వేలో ఆ కోటాకి వయసు 18 నుంచి 25, అంటే నీకు ఉన్నది మూడేళ్ళు. ఎచ్చెర్ల యూనివర్సిటీ తరఫున యూనివర్సిటీల సౌత్ జోన్ పోటీలు ఆడిన సర్టిఫికెట్ ఉంది కదా, దాన్ని లామినేషన్ చేయించకుండా భద్రంగా దాచు, స్కాన్ తీసి నాకూ పంపు. రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీకి మన రాష్ట్ర సెలెక్షన్స్ పెట్టినప్పుడు ఎక్కడున్నా సెలవడిగి రా, క్లబ్బు వదలనంటే నేను మాట్లాడతాను. 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచిన ట్రోఫీ అది, ఆ జెర్సీకి ఉన్న గౌరవం వేరు, పైగా ఉద్యోగం ఇచ్చేవాళ్ళు ముందు చూసే కాగితాల్లో అదొకటి. డిపార్ట్‌మెంట్ జట్టులో చేరినవాడు ఆట మానేసినట్టు కాదు. సర్వీసెస్, రైల్వేస్, కేరళ పోలీస్, వీళ్ళంతా ఉద్యోగం చేస్తూనే దేశంలో మంచి జట్ల మీద ఆడుతున్నారు. మూడేళ్ళు క్లబ్బుల్లో గోల్స్ కొట్టు, ఆ గోల్స్ చూపించి ఉద్యోగం తెచ్చుకో. బావకి ఈ లెక్క కాగితం మీద రాసి చూపిస్తే ఒప్పుకుంటాడు, ఆయన లెక్కల మనిషి.

ఆదివారం మధ్యాహ్నం మీ ఇంటికి వస్తున్నాను, అక్కకి చెప్పు. ఈలోగా ఆ ఐ-లీగ్ కోచ్‌కి ఫోన్ చేసి నేను చెప్పిన ప్రశ్న అడుగు, భయపడకు, గౌరవంగా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. కలకత్తా వాళ్ళు పంపిన కాంట్రాక్ట్ ప్రతి పేజీ ఫోటో తీసి ఈ రాత్రికి నాకు పంపు, చివరి పేజీ కూడా. నేను చదివేదాకా దేని మీదా సంతకం పెట్టకు.

మీ మావయ్య