ముప్పై ఎనిమిది సెకన్లు

ప్రశ్న: ఆగస్టులో హైదరాబాద్‌లో హాఫ్ మారథాన్ 2 గంటల 38 సెకన్లలో ముగించాను. 2 గంటల లోపు రావాలని ఆరు నెలలు కష్టపడ్డాను. వాచీలో దూరం 21.3 కిలోమీటర్లు, సగటు కిలోమీటరుకు 5:40 నిమిషాలు. మనసు కుదుటపడటం లేదు. వచ్చే ఆదివారమే ఇంకో రేసు ఉంది, పేరివ్వనా?

జవాబు: ఇవ్వకండి. కాళ్లు ఇంకా కోలుకోలేదు, కసితో పరిగెడితే మిగిలేది పిక్క నొప్పే. ఈ వారం నడక చాలు, పై వారం అరగంట చొప్పున తేలికపాటి పరుగు. బాధ ఉంటుంది, ఆరు నెలల కష్టం కదా. కానీ మీ కాళ్లలో లోపం లేదండీ, లెక్కలో ఉంది. హాఫ్ మారథాన్ అసలు దూరం 21.0975 కిలోమీటర్లకు, 2 గంటల లోపు రావాలంటే 5:41 వేగం సరిపోతుంది. మలుపుల్లో బయటి అంచున పరిగెత్తినా, జనాన్ని తప్పించుకుంటూ పక్కకు జరిగినా దూరం పెరుగుతుంది, జీపీఎస్ తేడా దానికి తోడు. 21.3కి 5:38 కావాలి.

ఈసారి వాచీ సగటు వదిలేసి దారిలోని కిలోమీటర్ల బోర్డుల దగ్గర సమయం చూసుకోండి: 5 దగ్గర 28:20, 10 దగ్గర 56:40, 15 దగ్గర 1:25:00, 20 దగ్గర 1:53:20. అరచేతి మీద పెన్నుతో రాసుకుంటే చెమటకు చెరిగిపోతుంది, మణికట్టుకు కాగితం చుట్టి టేపు వేయండి. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు వేగం కోసం పాకులాడకండి, ఊపిరి అదుపులో ఉంటే చాలు. ఆగస్టు ఉక్కపోతలో కాకుండా డిసెంబరు, జనవరి చలిలో రేసు ఎంచుకోండి. మంచినీళ్ల కోసం మొదటి బల్ల దగ్గర గుంపులో ఇరుక్కోకుండా చివరి బల్లకు వెళ్లి, కప్పు అంచు నొక్కి తాగండి.