నాన్న కొనిచ్చిన కెమెరా రిపేరు షాపులో ఇరుక్కుంది, రాబట్టుకునేదెలా?

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. 2019లో మా నాన్నగారు స్టీల్‌ప్లాంట్‌లో రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుల్లోంచి నాకు డీఎస్ఎల్ఆర్ కెమెరా కొనిచ్చారు. బిల్లు ఆయన పేరు మీదే ఉంది. నిరుడు ఆయన పోయారు. ఆ తర్వాత కొన్నాళ్లకు రుషికొండలో ఫొటోలు తీస్తుండగా కెమెరా ఆగిపోయింది. స్క్రీన్ మీద ఎర్రర్ వస్తుంది, షట్టర్ పడదు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఈ మోడల్ ఆపేశారు, పార్టులు లేవన్నారు. డాబాగార్డెన్స్ వైపు ఒక రిపేరు షాపులో ఇచ్చాను. చెకింగ్ చార్జీ 1,500 అన్నారు, ఫోన్‌పేలో 500 అడ్వాన్స్ కట్టాను. రెండు నెలలకు మెయిన్ బోర్డు పోయింది, 26,000 అవుతుందన్నారు. వద్దు, కెమెరా ఇచ్చేయమంటే విప్పి ఉంది, తర్వాత రండి అంటున్నారు. వాళ్లిచ్చిన స్లిప్పు వెనక ‘వస్తువుకు నష్టం జరిగితే మా బాధ్యత లేదు’ అని అచ్చేసి ఉంది. మెమరీ కార్డు అందులోనే ఉండిపోయింది. నాన్నగారి చివరి సింహాచలం గిరి ప్రదక్షిణ ఫొటోలు దాంట్లోనే ఉన్నాయి. నేను ఉద్యోగం చేసుకుంటూ అప్పుడప్పుడు ఓణీల ఫంక్షన్లకు డబ్బు తీసుకుని ఫొటోలు తీస్తాను. అందువల్ల వినియోగదారుల కేసు చెల్లదని ఒక ఫ్రెండ్ అన్నాడు. నిజమేనా? కంపెనీ మీద, షాపు మీద ఇద్దరి మీదా వేయొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు మీరు తేల్చుకోవలసింది ఒకటుంది. మీకు ఆ కెమెరాయే కావాలా, దాని ఖరీదు వస్తే చాలా? మీ ఉత్తరం చదివితే నాకు అర్థమైంది, మీకు కావలసింది ఆ కెమెరా, ఆ కార్డు. అలాగైతే నష్టపరిహారం అనే మాటను కాసేపు పక్కన పెట్టి, వస్తువును చేతికి తెచ్చుకునే దారి ముందు చూద్దాం. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. కోపంలో లక్షల పరిహారం అడుగుతారు, కేసు నడిచినంత కాలం వస్తువు అవతలివాళ్ల షాపులోనే మూలన పడి ఉంటుంది.

‘పాత కెమెరాయే కదా, ఇంకోటి కొనుక్కో’ అని మీతో అనేవాళ్లు ఉండే ఉంటారు. ఆ మాటకు మీరు కుంగిపోవద్దు. చట్టం అలా అనడం లేదు. స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్, 1963లో 8వ సెక్షన్ చూడండి. ఒకరి వస్తువు, యజమాని కాని ఇంకొకరి దగ్గర ఉండిపోయినప్పుడు, డబ్బు ఇస్తే ఆ లోటు తీరదు అనుకుంటే, అదే వస్తువును తిరిగి అప్పగించమని సివిల్ కోర్టు ఆదేశించవచ్చు. అంతేకాదు, డబ్బుతో ఆ లోటు తీరదన్న విషయాన్ని కోర్టు ముందుగానే మీకు అనుకూలంగా ఊహించుకుంటుంది. కాదని రుజువు చేసుకోవలసింది అవతలి పక్షం. తండ్రి కొనిచ్చిన కెమెరాకు, ఆయన చివరి ఫొటోలున్న కార్డుకు ఇంతకంటే బాగా వర్తించే సెక్షన్ నాకు తెలియదు.

ఇక షాపుకీ మీకూ ఉన్న సంబంధం. ఒక పని కోసం మన వస్తువును ఇంకొకరి చేతికి అప్పగించి, పని అయ్యాక తిరిగి తీసుకోవడాన్ని ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్, 1872 బెయిల్‌మెంట్ అంటుంది. 151వ సెక్షన్ ప్రకారం, మామూలు తెలివిగల మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త ఆ షాపు మీ కెమెరా మీద చూపించాలి. 160, 161 సెక్షన్లు ఇంకో మాట చెబుతాయి. పని అయిపోయాకో గడువు తీరాకో వస్తువును తిరిగి ఇవ్వాలి. తన తప్పు వల్ల సకాలంలో ఇవ్వకపోతే, అప్పటి నుంచి దానికి ఏ నష్టం జరిగినా బాధ్యత షాపుదే. ‘విప్పి ఉంది’ అనేది ఇవ్వకపోవడానికి కారణం కాదు. విప్పింది వాళ్లే, బిగించి ఇవ్వవలసిందీ వాళ్లే.

స్లిప్పు వెనక అచ్చేసిన ఆ వాక్యాన్ని చూసి భయపడకండి. అది మీకు చూపించి, చదివించి, సంతకం తీసుకున్నారా అన్నది మొదటి ప్రశ్న. తీసుకున్నా కూడా, తమ సొంత నిర్లక్ష్యాన్ని ఒక ముద్రించిన లైనుతో కప్పేసుకోవడాన్ని వినియోగదారుల కమిషన్లు, అంటే వినియోగదారుల కోర్టులు, తేలిగ్గా ఒప్పుకోవు. వస్తువు తన దగ్గర ఉన్నప్పుడు పాడైతే, తగిన జాగ్రత్త తీసుకున్నానని చూపించుకునే భారం కూడా దాన్ని తీసుకున్నవాడి మీదే ఉంటుంది.

షాపుకు కూడా ఒక హక్కు ఉందని మీరు తెలుసుకోవాలి. అదే కాంట్రాక్ట్ యాక్ట్ 170వ సెక్షన్ ప్రకారం, వస్తువు మీద శ్రమ, నైపుణ్యం పెట్టి పనిచేసినవాడు తన కూలి వచ్చేదాకా దాన్ని దగ్గర పెట్టుకోవచ్చు. చెకింగ్ చేశారు కాబట్టి, ఒప్పుకున్న 1,500లో మిగిలిన 1,000 అడిగే హక్కు వాళ్లకుంది. మీరు ఒప్పుకోని 26,000 కోసం ఆపే హక్కు లేదు. అందుకని నా సలహా, ఆ 1,000 రూపాయలు ఇవాళే ఫోన్‌పేలో పంపేయండి. ‘చెకింగ్ చార్జీ పూర్తిగా చెల్లించాను, రిపేరుకు నేను ఒప్పుకోలేదు, కెమెరా, కార్డు తిరిగి ఇవ్వండి’ అని వాట్సాప్‌లో రాయండి. వెయ్యి రూపాయల దగ్గర పంతానికి పోతే, వాళ్లకున్న ఒకే ఒక్క న్యాయమైన కారణాన్ని మీరే వాళ్ల చేతిలో పెట్టినట్టవుతుంది.

తర్వాత నోటీసు. దీనికి లాయరు తప్పనిసరి కాదు, తెల్ల కాగితం మీద తెలుగులో మీరే రాయవచ్చు. కెమెరా మోడల్, సీరియల్ నంబరు, ఇచ్చిన తేదీ, దాంతోపాటు ఇచ్చిన బ్యాటరీ, కార్డు, స్ట్రాప్ అన్నీ రాయండి. మెమరీ కార్డును వెంటనే, కెమెరాను విప్పిన ప్రతి భాగంతో సహా 15 రోజుల్లో ఇవ్వమని అడగండి. ఏ పార్టు పోయిందో రాతపూర్వకంగా చెప్పమనండి. కార్డును ఫార్మాట్ చేయొద్దని, అందులోని ఫొటోలను కాపీ చేయొద్దని విడిగా ఒక వాక్యం రాయండి. అనుమతి లేకుండా డేటా తీసుకోవడం ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ యాక్ట్ 43వ సెక్షన్ కిందికి వస్తుంది. స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి. అడిగినా ఇవ్వలేదని తేలిన తేదీ ముఖ్యం. అప్పగించిన వస్తువును రాబట్టుకునే సివిల్ దావాకు, అడిగి కాదనిపించుకున్న నాటి నుంచి మూడేళ్ల గడువు ఉంటుంది. వినియోగదారుల ఫిర్యాదుకు వివాదానికి కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లే. కెమెరా కొన్నది 2019 అన్నది షాపు విషయంలో అడ్డం కాదు, ఇక్కడ వివాదం ఈ రిపేరు గురించే.

సీరియల్ నంబరు బిల్లు మీదో డబ్బా మీదో ఉంటుంది. అవి దొరక్కపోతే ఆ కెమెరాతో తీసిన పాత ఫొటో ఫైలు ఒకటి కంప్యూటర్‌లో తెరిచి వివరాలు చూడండి. చాలా కెమెరాలు ప్రతి ఫొటోలోనూ బాడీ నంబరు రాసి పెడతాయి. ఎవరికైనా పంపిన కాపీ కాకుండా, కార్డు నుంచి నేరుగా దింపుకున్న అసలు ఫైలు అయితే మంచిది. ఇది మీ కెమెరాయేనని చెప్పడానికి దీనికి మించిన సాక్ష్యం ఉండదు. షాపుతో జరిగిన వాట్సాప్ సంభాషణ చెరిపేయకండి, ఈ గొడవ తేలేదాకా ఆ ఫోన్ మార్చకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని కోర్టులో పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. ఫోన్ మీ చేతిలో ఉంటే ఆ పని తేలిక.

మీ ఫ్రెండ్ చెప్పినదాంట్లో సగం నిజముంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం వ్యాపార ప్రయోజనం కోసం కొన్నవాళ్లు, సేవ పొందినవాళ్లు వినియోగదారులు కారు. అయితే స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి సొంతంగా వాడుకునే వస్తువును వ్యాపార ప్రయోజనం కింద లెక్కించకూడదని ఆ చట్టమే చెప్పింది. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను వివరంగా చెప్పింది. మీది అంత దూరం కూడా పోదు. ఉద్యోగం మీ జీవనాధారం, కెమెరా నాన్నగారి కానుక, ఫంక్షన్లు అప్పుడప్పుడూ వచ్చే పని. ముఖ్య ప్రయోజనం ఏమిటన్నదే కోర్టులు చూస్తాయి. పైగా సేవ పొందింది వ్యాపారం కోసమే అని నిరూపించాల్సిన భారం సేవ ఇచ్చినవాడిదేనని 2024లో సుప్రీంకోర్టు తేల్చింది. ఫంక్షన్ల సంగతి మాత్రం దాచకండి. ఫిర్యాదులో మీరే ఒక వాక్యంలో రాసేయండి. అవతలి లాయరు మీ ఇన్‌స్టాగ్రామ్ పేజీ ప్రింటు తీసి చూపించేదాకా ఆగితే, నిజం కూడా అబద్ధంలా కనిపిస్తుంది.

బిల్లు నాన్నగారి పేరు మీద ఉండటం గురించి కూడా దిగులు వద్దు. రిపేరు సేవకు డబ్బు కట్టింది మీరు, కాబట్టి వినియోగదారు మీరే. కట్టింది 500 అయినా సరే, కొంత చెల్లించి కొంత చెల్లిస్తామన్నా చట్టానికి చాలు. వినియోగదారు మరణిస్తే ఆయన వారసులు ఫిర్యాదు చేయవచ్చని కూడా చట్టంలో ఉంది.

కంపెనీ మీద మాత్రం వేయొద్దు. వారంటీ ఎప్పుడో అయిపోయింది. ఆపేసిన మోడల్‌కు పార్టులు దొరకడం లేదన్న ఒక్క కారణంతో, ఇన్నేళ్లు వాడాక, కంపెనీని బాధ్యురాలిని చేయడం కష్టం. వస్తువులను రిపేరు చేసుకునే హక్కు గురించి కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో కమిటీ వేసింది, పోర్టల్ పెట్టింది. మంచి ప్రయత్నమే, కానీ దాన్ని పట్టుకుని కమిషన్ ముందు పార్టులు తెప్పించలేం. కంపెనీని కలిపితే వాళ్ల లాయరు వస్తారు, వాయిదాలు పెరుగుతాయి, షాపు తన తప్పును అటు తోస్తుంది.

(వారంటీలో ఉన్న కెమెరా ఆగిపోయిన పాఠకులకు ఒక మాట. మన సముద్రపు గాలిలో ఉప్పు, తేమ ఎక్కువ. సర్వీస్ సెంటర్ వాళ్లు కెమెరా లోపల తుప్పు కనిపించిందని, నీళ్లు చేరాయని చెప్పి వారంటీ వర్తించదంటారు. అప్పుడు నోటిమాటతో వెనక్కి రావద్దు. ఎక్కడ తుప్పు ఉందో ఫొటోలతో సహా రిపోర్టు అడిగి తీసుకోండి. లోపం ఏమిటో తేల్చడానికి వస్తువును ల్యాబ్‌కు పంపే అధికారం కమిషన్‌కు ఉంది.)

నోటీసు గడువు దాటాక ఏం చేయాలి? మొదట 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. వాళ్లు తీర్పు ఇవ్వరు, షాపుతో మాట్లాడతారు. కొన్నిసార్లు అదే చాలు. విశాఖ జిల్లా న్యాయసేవాధికార సంస్థలో కేసు వేయకముందే అర్జీ పెట్టుకుని లోక్ అదాలత్ ద్వారా పరిష్కరించుకునే వీలూ ఉంది. చిన్న షాపులతో వచ్చే తగాదాల్లో నాకు ఈ దారి మీద నమ్మకం ఎక్కువ. వాళ్లకు కావలసింది గొడవ వదలడం, మీకు కావలసింది కెమెరా.

అక్కడా కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 50 లక్షల దాకా చెల్లించిన వ్యవహారాలు అక్కడే వినాలి, 5 లక్షల దాకా ఫీజు లేదు. మీరుండే ఊళ్లోనే వేయవచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయవచ్చు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. కెమెరా, కార్డు తిరిగి ఇప్పించమని మొదటి కోరిక రాయండి. అది కుదరని పక్షంలో, అదే స్థితిలో ఉన్న సెకండ్‌హ్యాండ్ కెమెరా ధర, మానసిక వేదనకు తగిన మొత్తం, ఖర్చులు అడగండి. పెళ్లి ఫొటోలు పోగొట్టిన స్టూడియోల మీద కమిషన్లు పరిహారం వేసిన సందర్భాలున్నాయి. ఫొటోల విలువ కమిషన్‌కు అర్థం కాదనుకోవద్దు. కానీ పది లక్షలు అని రాయకండి. అడిగే అంకె సబబుగా ఉంటేనే మీ బాధ నిజమని నమ్ముతారు. ఆదేశం వచ్చాక కూడా పాటించకపోతే వినియోగదారుల రక్షణ చట్టం 72వ సెక్షన్ కింద నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25,000 నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ ఉంటాయి.

పోలీస్ స్టేషన్‌కు ఇప్పుడే వెళ్లొద్దు. ఆలస్యం నేరం కాదు. వాళ్లు మీ కెమెరాను అమ్మేశారనో, పార్టులు వేరే కెమెరాకు వాడేశారనో ఆధారం దొరికితే అప్పుడు భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్, అంటే నమ్మకద్రోహం గురించి ఆలోచించవచ్చు.

కెమెరా పనిచేయకుండానే తిరిగి వచ్చినా అన్ని భాగాలూ ఉంటే ఆశ వదులుకోనక్కర్లేదు. అదే మోడల్ చెడిపోయిన బాడీ ఒకటి సంపాదించి, దాని బోర్డు తీసి అమర్చే మెకానిక్‌లు ఉన్నారు. అందుకే ప్రతి స్క్రూతో సహా అడగమంటున్నాను. కార్డు చేతికి రాగానే దానితో ఇంకో ఫొటో తీయకండి, ముందు మొత్తం కాపీ చేసుకోండి. ఫైళ్లు కనిపించకపోతే ఆ కార్డును అలాగే తీసి పక్కన పెట్టి, డేటా రికవరీ చేసేవాళ్లకు చూపించండి.

నోటీసు అందాక షాపు వాళ్లు ఫోన్ చేసి వచ్చి తీసుకెళ్లమనే అవకాశమే ఎక్కువ. ఒక్కరే వెళ్లకండి. సీరియల్ నంబరు సరిచూసుకుని, అక్కడే వీడియో తీసుకుంటూ, లెన్స్ మౌంట్ (లెన్స్ బిగించే చోటు), సెన్సార్ (లోపల ఫొటోను పట్టుకునే భాగం), కార్డు స్లాటు చూసుకోండి. ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అని రాసిన కాగితం మీద సంతకం అడిగితే పెట్టొద్దు. ‘కెమెరా అందింది, లోపల పరిస్థితి చెక్ చేయించుకోవాలి’ అని మీ చేత్తో రాసి, తేదీ వేసి, దాని కింద సంతకం చేయండి.