దవడ కింద తడిమితే చేతికి తగిలేవి

పోయిన సంచికలో గవదబిళ్లల గురించి నాలుగు ముక్కలు రాశాను. దాని మీద వచ్చిన ఉత్తరాలు చూస్తే చాలామంది బాధ గవదబిళ్లలు కావు, దవడ ఎముక కింద మెడ మొదలయ్యే చోట వచ్చే వాపులు. అందుకని ఈసారి శీర్షిక మొత్తం ఆ మూడు వేళ్ల వెడల్పు చోటుకే. నేను ముఖం, దవడల సర్జన్‌ని. రోజూ నాకు పని పడే చోటు అదే కాబట్టి కొంచెం ఎక్కువ మాట్లాడితే ఏమనుకోకండి.

ప్రశ్న: మా వారికి అన్నం తినడం మొదలుపెట్టగానే కుడి దవడ కింద ఉబ్బుతుంది. ఆవకాయ, చింతకాయ పచ్చడి తింటే మరీ ఎక్కువ. గంటన్నరలో దానంతట అదే తగ్గిపోతుంది. పన్ను వాపు అని రెండుసార్లు యాంటీబయాటిక్స్ ఇచ్చారు. పన్ను తీయించమంటారా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: తీయించకండమ్మా. రోగం ఏమిటో మీ ఉత్తరంలోనే ఉంది. పంటి వాపుకి భోజన వేళలు తెలియవు, వస్తే రాత్రింబవళ్లు ఉంటుంది. తినేటప్పుడే ఉబ్బి, కాసేపటికి తగ్గి, మళ్లీ రాత్రి కంచం ముందు కూర్చోగానే ఉబ్బిందంటే ముందు అనుమానించాల్సింది లాలాజలం వచ్చే గొట్టంలో రాయిని.

దవడ కింద రెండు వైపులా చెరొక లాలాజల గ్రంథి ఉంటుంది, పది పదిహేను గ్రాముల బరువు. నోటి అడుగున ఈ చివర నుంచి ఆ చివర దాకా పరుచుకున్న పలచటి కండరం ఒకటుంది, దాన్ని మైలోహయాయిడ్ అంటాం. గ్రంథిలో పెద్ద భాగం ఆ కండరానికి కింద, మెడ వైపు ఉంటుంది. చిన్న భాగం కండరం వెనక అంచు చుట్టూ తిరిగి పైకి, నోటి వైపు వెళ్తుంది. తలుపు అంచు పట్టుకున్నప్పుడు నాలుగు వేళ్లు ఇటు, బొటనవేలు అటు ఉంటాయే, అలాగన్నమాట. ఈ కండరం సంగతి గుర్తుంచుకోండి, కింది జవాబుల్లో మళ్లీ వస్తుంది.

పై భాగం నుంచి సుమారు 5 సెంటీమీటర్ల గొట్టం బయల్దేరి ముందుకొచ్చి నాలుక కింద తెరుచుకుంటుంది. అద్దం ముందు నాలుక పైకెత్తి చూడండి. నాలుకని కిందికి పట్టి ఉంచే సన్నటి పొర మొదట్లో అటొకటి ఇటొకటి చిన్న బుడిపెలు కనిపిస్తాయి. నిమ్మచెక్క నాలుకకి రాసుకుంటే వాటిలోంచి నీరు ఊరడం కంటికే తెలుస్తుంది. 1656లో ఇంగ్లండులో థామస్ వార్టన్ అనే వైద్యుడు ఈ గొట్టాన్ని వర్ణించాడు, మా పుస్తకాల్లో ఇప్పటికీ అది వార్టన్ గొట్టమే.

లాలాజల గ్రంథుల్లో వచ్చే రాళ్లలో నూటికి ఎనభైకి పైగా ఈ గ్రంథివే. ఈ ఊట చెంప దగ్గరి గ్రంథి ఊట కన్నా చిక్కన, అందులో కాల్షియం ఎక్కువ. పైగా గొట్టం పొడుగు, అదీ కింద నుంచి పైకి ఎక్కాలి. మధ్యలో చిన్న రాయి అడ్డం పడితే మామూలప్పుడు పక్కనుంచి కొంచెం కొంచెం కారిపోతుంది. ఆవకాయ ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు మాత్రం ఒక్కసారిగా ఊరినదంతా వెళ్లే దారి లేక గ్రంథి ఉబ్బుతుంది. మీ వారికి జరుగుతున్నది ఇదే అనిపిస్తోంది.

ముందు అల్ట్రాసౌండ్ చేయించండి. ఎక్స్‌రేలో కొన్ని రాళ్లు కనపడవు, కాబట్టి ఎక్స్‌రే బాగుందని ధీమాగా ఉండొద్దు. ఆ లోపు నీళ్లు బాగా తాగమనండి. పుల్లటి బిళ్ల చప్పరిస్తూ దవడ కింద వెనక నుంచి ముందుకు మెల్లగా నొక్కితే చిన్న రాళ్లు కొన్ని వాటంతటవే పడిపోతాయి. రాయి గొట్టం ముందు భాగంలో ఉంటే నోట్లోంచే, మత్తు సూది ఇచ్చి తీసేయవచ్చు, మెడ మీద గాటే పడదు. వెనకగా ఉన్న చిన్న రాళ్లని సన్నటి ఎండోస్కోప్‌తో తీసే ఆస్పత్రులు కూడా ఇప్పుడున్నాయి. యాంటీబయాటిక్ చీముకి పనిచేస్తుంది కానీ రాయిని కరిగించదు. కిడ్నీ రాళ్లకని కొండపిండాకు రసం తాగేవాళ్లుంటారు, అది ఈ రాయికి పనిచేయదు. జ్వరం వచ్చినా, నాలుక కింద బుడిపె దగ్గర చీము కనిపించినా మాత్రం ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ప్రశ్న: నాకు ఎడమ దవడ కింది గ్రంథి తీసేయాలన్నారు. సంతకం పెట్టమన్న కాగితంలో 'పెదవి వంకర పోవచ్చు, నాలుక తిమ్మిరెక్కవచ్చు' అని ఉంది. గ్రంథి మెడలో ఉంటే పెదవికీ నాలుకకీ ఏం సంబంధం? చాలా టెన్షన్‌గా ఉంది. నోరు ఎండిపోతుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కాగితం చదివి సంతకం పెట్టేవాళ్లు తక్కువ, మీరు చదివారు, సంతోషం. పెదవికీ నాలుకకీ వెళ్లే నరాలు ఆ గ్రంథిని రాసుకుంటూ పోతాయి కాబట్టి అలా రాస్తారు.

కింది పెదవిని కిందికి లాగే సన్నటి నరం దవడ అంచు వెంబడి వస్తుంది. కొందరిలో అది అంచు మీదుగా కాక, సెంటీమీటరో ఇంకాస్తో కిందికి జారి మెడలోంచి వెళ్తుంది. అందుకే మేం దవడ అంచు పక్కన కొయ్యం. రెండు వేళ్లు కిందికి దిగి, మెడలో సహజంగా ఉండే ముడతలో గాటు పెడతాం. లోపల గ్రంథి మీదుగా ఒక సిర వెళ్తుంది. దాన్ని కింది వైపు కట్టి, కత్తిరించి, పైకి మడిచి పెడతాం. నరం ఆ సిరకి పైన ఉంటుంది కాబట్టి మడతతో పాటు పైకి వెళ్లి పనికి అడ్డం లేకుండా భద్రంగా ఉంటుంది. హేస్ మార్టిన్ అనే అమెరికన్ సర్జన్ పేరు మీద చెప్పుకునే కిటుకు ఇది. ఇంత చేసినా లాగుడుకి ఆ నరం కొన్ని వారాలు బద్ధకించవచ్చు. నవ్వితే పెదవి ఒక వైపు దిగదు. ఎక్కువమందికి తిరిగి వస్తుంది.

నాలుక సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. నాలుకకి స్పర్శ తెచ్చే నరం గ్రంథి గొట్టం కింద నుంచి ఒక మెలిక తిరిగి వెళ్తుంది. గ్రంథికీ నరానికీ మధ్య చిన్న నరాల ముడి ఒకటి ఉంటుంది. ఆపరేషన్‌లో గ్రంథిని కిందికి లాగితే ఆ ముడి పట్టుకుని నరం కూడా V ఆకారంలో కిందికి వంగి వస్తుంది. చూసేవాళ్లకి గుండె దడ! ముడి దగ్గర చిన్న పోగులు తెంచగానే నరం చటుక్కున పైకి, తన చోటుకి వెళ్లిపోతుంది. అది చూశాకే గొట్టాన్ని కట్టాలి. నేను పీజీ విద్యార్థులకి మొట్టమొదట నేర్పేది ఇదే. నాలుకని కదిలించే నరం ఇంకా లోతున ఉంటుంది, దానికి దెబ్బ తగలడం అరుదు.

ఇక నోరు. మనం ఏమీ తినకుండా ఊరికే కూర్చున్నప్పుడు ఊరే లాలాజలంలో దాదాపు మూడింట రెండు వంతులు ఈ రెండు గ్రంథులదే. అయినా ఒకటి తీసేస్తే అవతలిదీ, చెంప గ్రంథులూ, నాలుక కింది గ్రంథులూ సర్దుకుంటాయి. నోరు ఎండిపోయే పరిస్థితి సాధారణంగా రాదు. మీ గ్రంథి ఎందుకు తీస్తున్నారో మాత్రం రాయలేదు. రాయి వల్ల కాక గడ్డ వల్లే అయితే, సూదితో పరీక్ష చేసిన రిపోర్టు చూసుకోండి. ఈ గ్రంథిలో పుట్టే గడ్డల్లో దాదాపు సగం క్యాన్సర్‌వి, చెంప గ్రంథిలో అంత ఉండవు.

ప్రశ్న: మా అమ్మకి 72 ఏళ్లు. ఈ మధ్య చిక్కింది. దవడ కింద రెండు వైపులా మెత్తటి ఉండలు తగులుతున్నాయి. నొప్పి లేదు. ఎదురింటావిడ క్యాన్సర్ అని భయపెడుతోంది.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: రెండు వైపులా ఒకే సైజులో, మెత్తగా ఉంటే చాలావరకు అవి ఆవిడ సొంత గ్రంథులే. వయసు మీద పడి చర్మం వదులై, ఒళ్లు చిక్కితే అవి కిందికి జారి చేతికి తగులుతాయి. డాక్టరు గ్లవ్స్ వేసుకుని ఒక వేలు నోట్లో నాలుక పక్కన పెట్టి, రెండో చేతిని దవడ కింద పెట్టి చూస్తారు. రెండు వేళ్ల మధ్యా దొర్లితే గ్రంథి, బయటి చేతికే తగిలితే శోషరస బిళ్ల, అంటే చుట్టుపక్కల ఇన్ఫెక్షన్ వస్తే ఉబ్బే లింఫ్ నోడ్. ఒక్కసారి అలా చూపించండి. అలాగే ఆవిడ ఎందుకు చిక్కిందో కూడా అడగండి, నాకు ఉండల కన్నా అదే ముఖ్యంగా కనిపిస్తోంది. ఎదురింటావిడకి నమస్కారాలు.

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు. దవడ కింద ఒక పక్క బిళ్ల కట్టి నెలైంది. గవదబిళ్ల అని మెడలో బంగారు గొలుసు వేశాం, తగ్గలేదు.
– ఒక తండ్రి, సిరిసిల్ల

జవాబు: గొలుసు తీసి బీరువాలో పెట్టండి. గవదబిళ్లలు ఎక్కువగా చెవి ముందూ కిందా ఉబ్బుతాయి, చెవి తమ్మె పైకి లేస్తుంది, వారం పది రోజుల్లో తగ్గిపోతాయి. నెల నుంచి ఉన్న బిళ్లకి కారణం వేరే వెతకాలి. బాబు నోరు తెరిపించి టార్చి వేసి కింది దవడ పళ్లు చూడండి. ఆ వైపు పిప్పి పన్ను ఉంటే నేను ఆశ్చర్యపోను. కింది పళ్లు, చిగుళ్లు, బుగ్గ, నాలుక పక్కలు, వీటి శోషరసం దవడ కింది బిళ్లల్లోకే దిగుతుంది. మధ్యనున్న ముందు పళ్లదీ, నాలుక చివరదీ అయితే సరిగ్గా గడ్డం కింది బిళ్లల్లోకి. బిళ్ల ఎక్కడుందో చూస్తే నోట్లో ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. పన్ను బాగు చేయించాక కూడా బిళ్ల తగ్గకపోతే, లేదా సాయంత్రం జ్వరాలు, ఆకలి మందగించడం ఉంటే టీబీ పరీక్ష అవసరం. సూదితో కొంచెం తీసి చూస్తారు, కోత ఉండదు. టీబీ మందులు ప్రభుత్వాస్పత్రిలో ఉచితం.

ఇది పిల్లాడి సంగతి. పెద్దవాళ్లలో, అందునా ఖైనీ, గుట్కా, చుట్ట అలవాటున్న వాళ్లలో, గట్టిగా, నొప్పి లేకుండా, కదలకుండా ఉన్న బిళ్లని నేను మూడు వారాలు కూడా ఆగనివ్వను. శ్రీకాకుళం, విశాఖ వైపు అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే పెద్ద ఆడవాళ్ల అంగిలి కూడా చూడాలి. నొప్పి లేదు కదా అని ఊరుకుంటారు. నొప్పి పుడితే ఎప్పుడో వచ్చేవాళ్లు.

ప్రశ్న: మా తమ్ముడికి జ్ఞానదంతం నొప్పి. మూడో రోజుకి గడ్డం కింద అంతా వాచింది. ఒక ఆస్పత్రిలో ఐసీయూలో పెట్టి, మెడ మీద కోసి గొట్టాలు వేశారు. పన్ను నొప్పికి ఐసీయూ ఏమిటండీ? డబ్బుల కోసమేనా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: బిల్లు సంగతి నాకు తెలియదు కానీ వైద్యం మాత్రం సరైనదే. ఇందాకటి మైలోహయాయిడ్ కండరం గుర్తుందా? అది దవడ ఎముకకి ఏటవాలుగా అతుక్కుంటుంది. ముందు పళ్ల వేర్ల కొసలు దానికి పైన ఉంటాయి, చివరి రెండు దవడ పళ్ల కొసలు కింద. కాబట్టి జ్ఞానదంతం చీము తిన్నగా మెడలోకి దిగుతుంది. అక్కడి నుంచి కండరం వెనక అంచు చుట్టూ తిరిగి నాలుక కిందికి ఎక్కి, రెండో వైపుకి పాకుతుంది. గడ్డం కింద చెక్కలా బిగుసుకుంటుంది, నాలుక పైకి, వెనక్కి లేస్తుంది, మాట ముద్దగా వస్తుంది, చొంగ మింగలేరు. అప్పుడు ప్రాణం తీసేది చీము కాదు, ఊపిరి దారి మూసుకుపోవడం. 1836లో జర్మన్ వైద్యుడు ఫాన్ లూడ్విగ్ దీన్ని వర్ణించాడు. యాంటీబయాటిక్స్ లేని రోజుల్లో ఇది వచ్చినవాళ్లలో సగానికి పైగా చనిపోయేవారు. ఐసీయూ ఊపిరి కోసం, గొట్టాలు లోపలి ఒత్తిడి దించడానికి.

ఇలాంటి వాపు ఇంకెవరికైనా వస్తే కాపడాలు పెట్టొద్దు, వెల్లకిలా పడుకోబెట్టొద్దు, కూర్చోబెట్టే తీసుకెళ్లండి. ఈ శీర్షికకి ఉత్తరం రాసే జబ్బు కాదు ఇది.

ప్రశ్న: ఆవులించినప్పుడు ఒక్కోసారి నాలుక కింద నుంచి ఉమ్మి పిచికారీలా చిమ్ముతుంది. మొన్న మీటింగులో మేనేజరు ఫైలు మీద పడింది. ఇదేం రోగం?
– పేరు రాయలేదు

జవాబు: రోగం కాదు. ఆవులింతలో నాలుక బిగిసి గ్రంథుల మీద ఒత్తిడి పడి, ఇందాక అద్దంలో చూడమన్న ఆ రెండు బుడిపెల్లోంచి చిమ్ముతుంది. గొట్టాల్లో అడ్డమేమీ లేదని సర్టిఫికెట్ అనుకోండి. మీటింగుల్లో నాలుక కింది పళ్లకి ఆనించి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆవులించండి.