పోతులు ముందు, పెంటిమేకలు తర్వాత

ప్రశ్న: మాకు ముప్పై మేకలున్నాయి. పదివేల ఏళ్ల కిందటే మనిషి మేకలను మచ్చిక చేసుకున్నాడని ఎముకలు చూసి తేల్చారట, మా అమ్మాయి చదివి చెప్పింది. అడవి మేక ఎముకైనా ఇంటి మేక ఎముకైనా ఒకటే కదా డాక్టరు గారూ, ఎలా తెలిసింది?
– ఒక పాఠకుడు, గజపతినగరం

జవాబు: ఒక్క ఎముకను చేతికిస్తే చెప్పడం కష్టమే. అంతెందుకు, ముప్పై ఏళ్లు పశువుల ఆసుపత్రిలో పనిచేసిన నేను గొర్రె ఎముకకూ మేక ఎముకకూ ఇప్పటికీ తడబడతాను. కుప్ప మొత్తం చూస్తేనే సంగతి బయటపడుతుంది.

పైడితల్లమ్మ పండుగకు మీరు అమ్మేవి ఏవి? పోతుపిల్లలే కదా. విత్తనానికి ఒకటో రెండో ఉంచుకుని మిగతా పోతులను లేతగా ఉండగానే వదిలించుకుంటారు. పెంటిమేకలను ఈతలు ఆగేదాకా అమ్మరు. వేటగాడికి ఈ లెక్క లేదు, కొండ మీద కనబడిన బలిసిన పోతే వాడికి ముద్దు.

ఇరాన్‌లోని జాగ్రోస్ కొండల్లో గంజ్ దారే అనే పాత ఊరి దిబ్బ ఉంది. అక్కడి మేక ఎముకలను కొలిచి మెలిండా జెడర్, బ్రయన్ హెస్ అనే పరిశోధకులు 2000లో ఫలితం ప్రకటించారు. పోతులు ఎక్కువగా లేతవయసులోనే చచ్చాయి, పెంటిమేకలు ముదిరేదాకా బతికాయి. సుమారు 10,000 ఏళ్ల నాటి మంద, లెక్క మాత్రం అచ్చం మీదే!

వయసు ఎలా తెలుస్తుందంటారా? లేత మేక కాళ్ల పులుసులో ఎముక చివరి గుబ్బ ఊడి రావడం చూసే ఉంటారు. వయసొచ్చాక అది అతుక్కుపోతుంది. కొన్ని ఎముకలకు ఏడాదికే, కొన్నింటికి మూడేళ్లు దాటాకే. ఇక పోతు ఎముక లావు, పెంటిది సన్నం.

దీనివల్లే ఒక పాత పొరపాటూ బయటపడింది. ఎముకలు చిన్నవైతే పెంపుడువే అనేవారు పూర్వం. కొలిచేదేమో గుబ్బ అతికిన ముదురు ఎముకలనే. మందలో ముదిరేదాకా మిగిలేవి పెంటిమేకలే అయితే సగటు తగ్గక ఏమవుతుంది? మేక జాతే చిన్నదైపోయిందని అనుకున్నారు, పాపం.

మీ అమ్మాయికి ఒక పని చెప్పండి. ఈ ఏడు ఇంట్లో వండిన మేకల కాళ్ల ఎముకలు కడిగి, గుబ్బ ఊడినవి ఒక పక్క, ఊడనివి ఒక పక్క పేర్చమనండి. వీధికుక్కలకు మాత్రం అందనివ్వకండి. అవి మెత్తగా ఉండే లేత ఎముకలనే ముందు నమిలేస్తాయి. దిబ్బలు తవ్వేవాళ్లకూ ఇదే బాధ, లేత పిల్లల లెక్క ఎప్పుడూ తక్కువే తేలుతుంది.