జీపీఏ మీద డీడీఏ ఫ్లాటు కొనవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి ఢిల్లీలో ఉద్యోగం. అక్కడి ద్వారకలో డీడీఏ (ఢిల్లీ అభివృద్ధి సంస్థ) ఫ్లాటు జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే యజమాని తరఫున వ్యవహరించే అధికార పత్రం) మీద చవగ్గా వస్తోందట. మన హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) లాంటిదేనా ఈ డీడీఏ? కొనమంటారా?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: పేర్లు దగ్గరగా ఉన్నా పగ్గాలు వేరమ్మా. హెచ్ఎండీఏకు మన ముఖ్యమంత్రి ఛైర్మన్. 1957 చట్టంతో పుట్టిన డీడీఏకు లెఫ్టినెంట్ గవర్నర్ ఛైర్మన్, పైన కేంద్రం. ఢిల్లీలో భూమి వ్యవహారం అక్కడి అసెంబ్లీ చేతిలో లేదు. మాస్టర్ ప్లాన్ వేసేదీ, భూమి సేకరించి ఫ్లాట్లు కట్టి అమ్మేదీ డీడీఏనే. చెత్త, ఇంటిపన్ను మాత్రం కార్పొరేషన్‌వి. అందుకే ఇంటిపన్ను రసీదు చూపించి ‘ఇదిగో హక్కు’ అంటే నమ్మకండి.

ఇక అసలు చిక్కు. డీడీఏ ఫ్లాట్లు చాలావరకు మొదట లీజు హక్కుతో, అంటే దీర్ఘకాలపు అద్దె హక్కుతో, ఇచ్చినవే. రుసుము కట్టి ఫ్రీహోల్డ్ (పూర్తి సొంతహక్కు) చేయించుకుంటే డీడీఏ కన్వేయన్స్ డీడ్ (హక్కు బదిలీ పత్రం) రాసిస్తుంది, దాన్ని రిజిస్టర్ చేయించాలి. ఆ పని ఎగ్గొట్టి జీపీఏతో చేతులు మారిన ఫ్లాట్లే చవగ్గా వస్తాయి. జీపీఏతో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. బ్యాంకు లోను దగ్గరా పేచీయే.

అలాట్‌మెంట్ లెటరు, పొసెషన్ లెటరు, కన్వేయన్స్ డీడ్ అసలు ప్రతులు చూడండి. మూడింట్లో ఫ్లాటు నంబరు, పాకెట్ (సెక్టారులోని భాగం), సెక్టారు అక్షరం తేడా లేకుండా కలవాలి. డీడ్ లేకపోతే అమ్మేవాళ్లనే ముందు ఫ్రీహోల్డ్ చేయించమనండి. అంతవరకూ అడ్వాన్సు కూడా ఇవ్వకండి.