చీమల్లో నిజంగా ఎన్ని రకాలున్నాయి? మన చుట్టూ ఉన్నవన్నీ ఒకటేనా?

ఇంట్లో తిరిగే ఎర్రచీమ, నల్లచీమ కాక వేరే రకాలు ఉన్నాయా అని అడిగారు. చాలా ఉన్నాయండీ. ఇప్పటిదాకా శాస్త్రవేత్తలు పేరు పెట్టినవే 14,000 పైచిలుకు. మన దేశంలోనే 800 దాటాయి. అంటార్కిటికాలో మాత్రం చీమల్లేవు.

నాకు ఈ తేడాలు తెలిసింది మా మామిడి తోపులో. దామలచెరువు దగ్గర మాకు తోతాపురి చెట్లున్నాయి. వాటి మీద ఆకులు కలిపి గూడు కట్టే ఎర్రచీమలు ఉంటాయి. కాయ కోతకు వచ్చేవాళ్ళు చేతులకీ కాళ్ళకీ బూడిద పూసుకుని చెట్టెక్కేవాళ్ళు. ఈ చీమకు తేలుకున్నట్టు కొండి ఉండదు. కొరికి, ఆ గాటు మీద ఆమ్లం చిమ్ముతుంది. అంత మంట అందుకే.

పదో తరగతి సెలవుల్లో ఒక మధ్యాహ్నమంతా నిలబడి గూడు కట్టడం చూశాను. ఆకు అంచు అందకపోతే ఒకదాని నడుము ఒకటి పట్టుకుని గొలుసులా వేలాడి లాగాయి. అంచులు దగ్గరయ్యాక, కొన్ని చీమలు తెల్లటి పిల్లపురుగుల్ని నోట కరుచుకొచ్చి ఈ ఆకుకీ ఆ ఆకుకీ తాకిస్తూ పోయాయి. ఆ పిల్ల నోట్లోంచి వచ్చే పట్టుదారమే జిగురు. పెద్ద చీమకు ఆ దారం రాదు, పిల్లతోనే కుట్టిస్తుంది. నగరి మగ్గాల్లో నాడె అటూ ఇటూ ఆడినట్టే ఉంటుంది.

ఒక ఏడు కోతకు ఇబ్బందని మేం ఆ గూళ్ళన్నీ కాల్చేశాం. మరుసటి ఏడు ఆకు తినే పురుగు బాగా పెరిగింది. ఆ పని చేసినందుకు ఇప్పటికీ బాధగానే ఉంది. చైనాలో నారింజ రైతులు పురుగుల్ని పట్టి తింటాయని ఇవే చీమల గూళ్ళు కొనితెచ్చి చెట్లకు కట్టేవాళ్ళు, అది వందల ఏళ్ళ అలవాటు. ఇప్పుడు మేం కోతకు ముందు గూడున్న కొమ్మ నరికి గట్టు మీది చెట్టుకు కడతాం. రసం పీల్చే పిండినల్లి పురుగు పట్టిన చెట్టు మీద మాత్రం ఉంచం. ఆ పురుగు నుంచి కారే తీపి నీళ్ళ కోసం ఈ చీమలు దానికి కాపలా కాస్తాయి.

నెల్లూరులో పనిచేసిన జెర్డాన్ అనే బ్రిటిష్ డాక్టరు 1851లో దక్షిణ భారత చీమల జాబితా అచ్చు వేశాడు. మన దక్షిణాదిలో ఉండే దూకే చీమను లోకానికి పరిచయం చేసింది ఆయనే. దాని పుట్టలో రాణి చనిపోతే మామూలు పనిచీమలే మీసాలతో కొట్లాడుకుంటాయి. గెలిచినవి గుడ్లు పెడతాయి, వాటి మెదడు చిన్నదైపోతుంది. మళ్ళీ పనిలోకి దిగాల్సి వస్తే మెదడు తిరిగి పెరుగుతుంది! నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా అనిపించే చీమ ఇదే.

అమెరికా ఖండాల్లోని ఆకులు కోసే చీమలైతే ఏకంగా సేద్యం చేస్తాయి. మోసుకొచ్చిన ఆకుల మీద బూజు పెంచి, ఆ బూజును తింటాయి.

ఒక్క మాట, చెదలు చీమలు కావు. అవి బొద్దింకల చుట్టాలు, చీమలు కందిరీగల చుట్టాలు. తొలకరి వాన పడ్డ సాయంత్రం దీపం చుట్టూ మూగే ఉసిళ్ళు కూడా చెదలే. రెక్కల పురుగు దొరికితే నడుము చూడండి. నొక్కినట్టు సన్నగా ఉంటే చీమ, ఒళ్ళంతా ఒకే లావుగా ఉంటే చెద.